ఆకాశమునుండి వచ్చు సాక్ష్యము

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో నివసించువారికి తర్కశాస్త్రము చదువకయే తెలిసిన ఉదాహరణ మొకటి గలదు. కొండమీద పొగ కనబడినచో అచట నిప్పు గలదని ఊహింపవచ్చునని నైయాయికులు శతాబ్దములుగా శిష్యులకు చెప్పుచు వచ్చిరి. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు బోధించినదియు ఈ పొగనిప్పుల సంబంధమే. ఇచట కొండకు బదులు చిమ్నీలున్నవి. 1955 ఫిబ్రవరి 2న ఉక్కు కర్మాగారమునకై సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కాలమునుండి, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి ఈ సెక్టారులలో కాపురములు పెట్టిన తెలుగువారు తరతరములుగా ఆ పొగను చూచుచు ఆ నిప్పును ఊహించుచునే యున్నారు. ఫర్నేసు గర్భమున ఏమి జరుగుచున్నదో కంటితో చూచినవాడు లేడు. వేడిగాలి లోనికి పోవు గొట్టము మొదటనున్న చిన్న రంధ్రమునకు నీలపుటద్దము అడ్డుపెట్టి తొంగిచూచినచో కానవచ్చునది ఒక వెలుగు తునుక మాత్రమే. తక్కినదంతయు ఉష్ణమాపకములును, పీడనసూచికలును, పైనుండి వెలువడు వాయువుల విశ్లేషణమును చెప్పగా వినవలసినదే. 2018లో రాజేసిన ఎనిమిదవ ఫర్నేసునకు మహామాయ యని దేవిపేరు పెట్టిరి. ఆ పేరు పెట్టినవారే దాని గోడలలో ఉష్ణమాపకములను పొదిగిరి. ఈ రెండు పనులలో ఒకదానివలన రెండవదానికి లోపము కలిగినట్లు ఎవ్వరికిని తోచలేదు.

నేను విచారింపదలచినది ఫర్నేసునుగూర్చి కాదు, ఆకాశమునుగూర్చి. కంటికందని దూరముననున్న వస్తువునుగూర్చిన వార్త ఒక తెరమీదికి వచ్చి, ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు రంగులు దిద్దుకొని, కన్నులయెదుట నిలిచినప్పుడు, మనము దానిని చూచుచున్నామా, లేక దానినిగూర్చి వినుచున్నామా? ఆ వార్తవలన ఆపద తప్పినచో తప్పించినది దైవమా, మానవుడా? తప్పకపోయినచో ఆ దోషము విధిదా, మనదా? ప్రశ్నలు పాతవే. కాని విమానము నడుపువాని మోకాళ్లయెదుట నున్న చిన్న పలకమీద ఉఱుముమేఘముల చిత్రము ఉపగ్రహము ద్వారా వచ్చి పడుచున్న ఈ కాలమున, ఆ ప్రశ్నలకు పండితసభలలో లేని తొందర యొకటి కలిగినది.

ఛత్తీస్‌గఢ్ ఆకాశము సౌమ్యమైనది కాదు. చైత్ర వైశాఖములలో మధ్యాహ్నమువఱకు నిర్మలముగా నుండి, మూడు గంటలు దాటిన పిమ్మట పొరలుపొరలుగా పైకి లేచిన మేఘములు సాయంకాలమునకు ఉఱుములతోను, ఈదురుగాలితోను, ఒక్కొక్కప్పుడు వడగండ్లతోను విరుచుకొనిపడును. ఆషాఢము మొదలు బంగాళాఖాతమున పుట్టిన అల్పపీడనములు ఒడిస్సాను దాటి ఈ మైదానముమీదుగా పడమటికి సాగును. రాయపూర్ దగ్గరి మానా విమానాశ్రయమునుండి హైదరాబాదునకో విశాఖపట్టణమునకో పోవు విమానము అడవులను, కనుమలను, వానిమీద గూడుకట్టు మేఘములను దాటవలసినదే. భిలాయికి సమీపమున నందిని సున్నపురాతి గనులకడ ఉక్కు కర్మాగారమువారి రన్‌వే యొకటి గలదు. దానిమీద దిగు చిన్న విమానములకును ఈ మేఘములతోనే పొత్తు.

2008 ఆగస్టు మొదటి దినములలో, హైదరాబాదునుండి ఛత్తీస్‌గఢ్‌నకు బయలుదేరిన బెల్ 430 జాతి హెలికాప్టర్ ఒకటి నలుగురితో ఈ త్రోవలో, వానకాలపు మేఘములలో అదృశ్యమయ్యెను. ఎంత వెదకినను, రెండు రాష్ట్రముల సరిహద్దు అడవులలో దాని శకలములు నవంబరులో గాని దొరకలేదు. ఏడాది తిరిగిన పిమ్మట, 2009 సెప్టెంబరు 2న, అదే జాతి హెలికాప్టర్ మఱియొకటి ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరి, గంట తిరుగకుండ నల్లమలలోని పావురాలగుట్టపై కూలిపోయెను, ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారును, వారితోనున్న నలుగురును మరణించిరి. ఆ చోటేదో మరునాటి ఉదయమునకు గాని తెలియలేదు. ఆ దినములలో తెలుగువారు ఎచట నలుగురు గూడినను వినబడిన మాట విధి. దుఃఖమునందు ఆ మాటకు గల ఉపశమనశక్తిని నేను కాదనను. శోకించువానికి కారణములు చెప్పబోవుటకంటె మొరటుపని లేదు. కాని శోకము చల్లారిన పిమ్మటనైనను కారణములు అడుగవలసినవారు అడుగక తీరదు. విచారణసంఘము తేల్చిన దేమనగా, ఆ హెలికాప్టర్ మేఘములలోని మిక్కిలి బలమైన క్రిందుగాలిలో చిక్కుకొని వశము తప్పినది. అంతకుముందు దాదాపు ఆఱు నిమిషములసేపు దానిని నడుపువారు గేర్‌బాక్సులోని చమురు ఒత్తిడినిగూర్చిన సందేహము తీర్చుకొనుటకై చేతిపుస్తకము వెదకుటలో నిమగ్నులై యుండిరి.

మనస్సు అణుపరిమాణము గలదనియు, అందుచేతనే ఒకే క్షణమున రెండు జ్ఞానములు పుట్టనేరవనియు నైయాయికులు చెప్పుదురు. ఇది పండితుల సూక్ష్మవినోదమని నవ్వువారు ఒక్కసారి కాక్‌పిట్‌లోనికి తొంగిచూడవలెను. అచట ఎత్తు చెప్పు గడియారము, వేగము చెప్పు గడియారము, ఇంజను సూచికలు, చెవిలో కంట్రోలరు మాట, కిటికీ వెలుపల తెల్లని చీకటి, ఇన్నియు ఒక్క అణువునే పిలుచుచుండును. అది ఒక పిలుపునకు పలికిన క్షణమున తక్కిన పిలుపులన్నిటికి చెవిటిదే. మరణించిన వైమానికులను నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఎవని మనస్సైనను అణువే. క్రొత్తగా వచ్చిన వాతావరణపు తెర ఆ అణువును పిలుచువానిలో మఱియొకటి యగునేకాని, ఆ అణువును రెండు చేయజాలదని మాత్రమే నా భావము. ఈ సంగతి ముందు నిలుపుకొనిన గాని ఆ తెర విలువ మనకు బోధపడదు.

ఆ తెరమీదికి వచ్చునది ఏమి? భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచి మన దేశముమీది మేఘములను చిత్రించు ఉపగ్రహములు కొన్ని కలవు. 2013 జూలైలో ప్రయోగించిన ఇన్‌శాట్-3డిని 82 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నిలిపిరి. భిలాయి రేఖాంశము 81 డిగ్రీలు దాటి కొంచెము, కావున ఈ ఊరిలో దక్షిణాభిముఖుడై ఆకాశమువంక చూచువాడు తెలియకయే ఆ కంటివంక చూచినవాడగుచున్నాడు. దాని తరువాత 2016లో ఇన్‌శాట్-3డిఆర్, 2024లో ఇన్‌శాట్-3డిఎస్ మన శ్రీహరికోటనుండియే లేచినవి. రాత్రియు పగలును పనిచేయు పరారుణపు కంటితో ఇవి చూచునది మేఘము శిరస్సును మాత్రమే: శిరస్సు ఎంత చల్లగానున్న మేఘము అంత యెత్తు పెరిగినదని లెక్క. ఉష్ణమండలమున అట్టి మేఘము 15 కిలోమీటర్లు దాటి లేచుట అరుదు కాదు. కాని దాని గర్భమున ఏ చోట వడగండ్లు తిరుగుచున్నవో, ఏ చోట గాలి క్రిందికి దూకుచున్నదో ఆ చిత్రమున లేదు. అది పొగను చూచి నిప్పును ఊహించుటయే. రెండవ విధమైన చిత్రము వేఱు. నేలమీది రాడార్లు వర్షపుచినుకులను పసిగట్టి గీసిన చిత్రములను ఒకచోట కూర్చి, ఉపగ్రహము ద్వారా విమానమునకు పంపుదురు. అమెరికాలో ఈ శతాబ్దారంభమునుండి చిన్న విమానములవారు సైతము నెలకింతయని చందా కట్టి దీనిని పొందుచున్నారు. మన దేశపు పెద్ద విమానములు ముఖ్యముగా తమ ముక్కులోని స్వంత రాడార్‌నే నమ్ముకొన్నవి. ఉపగ్రహముతో మాటలాడు పలకలు మన కాక్‌పిట్లకు క్రొత్త.

ఈ కూర్పుచిత్రమున ఒక చిక్కు గలదు. నేలమీది రాడార్ తన పళ్లెమును ఒక్కొక్క కోణమున త్రిప్పుచు ఆకాశమునంతయు ఒక్కసారి తడవి వచ్చుటకే అయిదు నిమిషములవఱకు పట్టును. అట్టి నూఱుకు పైబడిన రాడార్ల చిత్రములను చేర్చి కుట్టుటకు మఱికొంత కాలము. దానిని పైకి పంపి క్రిందికి దించుటకు ఇంకను కొంత. కాని తెర మూలన కనబడు వయస్సు చిత్రమును కుట్టిన క్షణమునుండి లెక్కించినది, వాన కురిసిన క్షణమునుండి కాదు. 2010 మార్చిలో టెన్నెసీ రాష్ట్రమున ఒక అంబులెన్స్ హెలికాప్టరును, 2011 డిసెంబరులో టెక్సాస్‌లో ఒక చిన్న విమానమును కూలిన తరువాత, అమెరికా జాతీయ రవాణా భద్రతామండలి 2012 జూన్‌లో ఒక హెచ్చరిక ప్రకటించినది: తెర చెప్పు వయస్సుకంటె వాతావరణపు నిజమైన వయస్సు 15 నుండి 20 నిమిషములవఱకు ఎక్కువ కావచ్చునని. పై రెండు ప్రమాదములలో తేడా అంతకంటె చాల తక్కువ, కొద్ది నిమిషములే. ఆ కొద్దియే చాలినది. గంటకు 45 కిలోమీటర్ల వేగమున కదలు మేఘము 20 నిమిషములలో 15 కిలోమీటర్లు జరుగును, అంతలో పిల్లమేఘము ప్రౌఢమేఘమగుటయు కలదు.

ఈ సెక్టారులలో తొలిదినములలో కాపురమున్న పెద్దలకు ఈ ఆలస్యమును వివరింప నక్కఱలేదు. ఊరినుండి వచ్చిన కార్డులో అమ్మకు జ్వరమని యుండును. దానిని చదువు దినమునకు అమ్మ లేచి తిరుగుచుండవచ్చును, లేక మఱేమైన జరిగియుండవచ్చును. కార్డు అబద్ధము చెప్పలేదు. అది వ్రాసిన దినమున అది నిజము. అందుచేత బుద్ధిమంతుడు కార్డు మొదట చూచునది సంగతిని కాదు, తేదీని.

ఇక మన ఇతిహాసమున దూరదృష్టికి పరమోదాహరణముగా చెప్పుకొను సంజయుని కథను కొంచెము నిదానించి చూడుడు. యుద్ధమును చూచుటకు కన్నులిత్తునని వ్యాసుడనగా, బంధువధను చూడలేనని ధృతరాష్ట్రుడు నిరాకరించి వినుటకు మాత్రమే ఒప్పుకొనెను. అప్పుడు వ్యాసుడు సంజయునకు దివ్యదృష్టి ననుగ్రహించెను. ఇంతవఱకు అందఱెఱిగినదే. హస్తినాపురపు సౌధమున కూర్చుండి సంజయుడు జరుగుచున్న యుద్ధమును జరుగుచున్నట్లే చెప్పుచుండెననియు మన నాటకములు, చిత్రపటములు, నేటి టెలివిజను ధారావాహికలు మన మనస్సులలో ముద్రవేసినవి. కాని వ్యాసుని భీష్మపర్వమున జరిగినది వేఱు. సంజయుడు రణభూమినుండి పరుగున వచ్చి మొట్టమొదట చెప్పిన మాట భీష్ముడు పడిపోయెనని. అది పదవనాటి సంగతి. ఆ పిమ్మట రాజు అడుగగా అడుగగా, మొదటినాటి ఉదయమునకు వెనుకకు మరలి, అర్జునుని విషాదమును, కృష్ణుని ఉపదేశమును వినిపించెను. భగవద్గీతను ధృతరాష్ట్రుడు వినునప్పటికి ఆ ఉదయమున ఎదురెదురుగా నిలిచిన వీరులలో అనేకులు నేలకొరిగియుండిరి. దివ్యదృష్టి గలవాని నోటినుండి వచ్చినదైనను రాజు చెవికి చేరినది గతమే. సంజయుడు ఆప్తుడు, యథార్థవాది, ఆతని వాక్యము ప్రమాణము. అయినను అది శబ్దప్రమాణము, రాజునకు ప్రత్యక్షము కాదు.

నైయాయికులు యోగులకు దూరవస్తువులయందును, గతభవిష్యత్తులయందును కలుగు అలౌకిక ప్రత్యక్షమును అంగీకరించిరి. ఉపగ్రహపు తెర మనకు అట్టి యోగజదృష్టిని చౌకగా ఇచ్చినదని కొందఱు ఉత్సాహవంతులు ఉపన్యాసములలో చెప్పగా విన్నాను. ఇది పొగడ్తయే గాని పొరపాటు. తెరను చూచు కన్నునకు సన్నికర్షము, అనగా ఇంద్రియసంబంధము, తెరతోనే కాని మేఘముతో లేదు. వైమానికుడు చూచుచున్నది గాజును, దానిమీది రంగును. మేఘము విషయమున అతడు శ్రోత. కన్నుతో వినుచున్నాడు గనుక తాను చూచుచున్నానని భ్రమపడుట సులభము, చెవితో వినువానికి ఆ భ్రమ రాదు. కంట్రోలరు రేడియోలో, ఇరువది నిమిషములక్రింద మీకు ఎడమవైపున మేఘముండెను, అని చెప్పినచో ఏ వైమానికుడును దాని ప్రక్కనున్న సందులో దూరబోడు. అదే సంగతిని రంగులలో చూచినచో సందు వెదకును. ఇందుచేతనే అమెరికా అధికారులును, పైలట్లకు పాఠము చెప్పువారును ఇట్టి తెర ముందుగా దారి మార్చుకొనుటకు మాత్రమే యనియు, మేఘములమధ్య త్రోవ వెదకుటకు కాదనియు, తీవ్రమైన ఉఱుముమేఘమునకు కనీసము 20 మైళ్ల దూరము నుండవలెననియు పదేపదే చెప్పుచున్నారు.

విమానపు ముక్కులోని స్వంత రాడార్ మాట ఏమి, అది అప్పటికప్పుడు చూచునది కదా యని అడుగవచ్చును. దాని కథ ఇంకను చిత్రమైనది. 1977 ఏప్రిల్ 4న అమెరికాలో హంట్స్‌విల్ నుండి అట్లాంటాకు పోవుచున్న డిసి-9 విమానమొకటి ఉఱుముమేఘముల వరుసలో, రాడార్ తెరమీద తెఱపిగా తోచిన దిక్కునకు సాగినది. తెరమీద అచట మేఘము లేదు. నిజమునకు అచట వర్షము ఎంత దట్టముగా నుండెననగా, రాడార్ పంపిన తరంగములు ముందుభాగముననే హరించిపోయి, వెనుకభాగమునుండి ప్రతిధ్వని రాలేదు; రానందున తెర ఖాళీగా నుండెను. నీటితోను వడగండ్లతోను రెండు ఇంజనులును ఆగిపోయి, ఆ విమానము న్యూ హోప్ అను ఊరి రోడ్డుపై దిగబోయి ముక్కలయ్యెను. భాట్టమీమాంసకులు, వారి వెంట అద్వైతులు, అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణముగా గ్రహించిరి: కనబడకపోవుటచేత లేదని తెలియుట. కాని వారందఱు ఒక షరతు పెట్టిరి, ఆ షరతులోనే వారి మేధ యున్నది. వస్తువు ఉండినచో తప్పక కనబడియుండునను పరిస్థితిలో కనబడకపోయిననే అది లేనట్లు; వెలుగున్న గదిలో కుండ కనబడకపోయిన కుండ లేదు, చీకటిగదిలో కనబడకపోయిన ఏమియు తేలలేదు. ఆ డిసి-9 తెరమీది నలుపు చీకటిగది. ఎంతో వాన యుండుటచేతనే వాన కనబడలేదు. యోగ్యమగు అనుపలబ్ధికిని, అయోగ్యమగు అనుపలబ్ధికిని గల ఈ భేదమును పైలట్ల పాఠ్యగ్రంథములు వేఱు మాటలలో చెప్పుచునే యున్నవి; మన శాస్త్రపాఠశాలలలో మాత్రము దానిని కుండ దాటి ముందుకు తీసికొనిపోయినవారు తక్కువ.

ఇంతవఱకు చెప్పినది జ్ఞానదోషమునుగూర్చి. దీనికంటె లోతైనది ఇచ్ఛాదోషము. 1999లో మసాచుసెట్స్‌లోని లింకన్ ప్రయోగశాలవారు, డల్లస్ విమానాశ్రయమునకు దిగు విమానములు ఏ సందర్భములలో మేఘమును తప్పించుకొని పోవుచున్నవో, ఏ సందర్భములలో దూసికొనిపోవుచున్నవో పరిశీలించి ప్రకటించిరి. గమ్యము దగ్గరపడినప్పుడు, ముందొక విమానము ఆ దారినే పోయినప్పుడు, చీకటి పడినప్పుడు, నిర్ణీతకాలమునకు 15 నిమిషములు మించి ఆలస్యమైనప్పుడు దూసికొనిపోవుట హెచ్చుగా నుండెనట. మేఘము స్వభావముతో ఈ కారణములలో దేనికిని సంబంధము లేదు. అన్నియు మనిషిలోనివే: ఇల్లు చేరవలెనను ఆతురత, ముందువాని వెంటబడు స్వభావము, గడియారపు భయము. తెర ఈ కోరికలను తగ్గింపదు, వానికి ఒక పటము నిచ్చును. పటము లేనివాడు వెనుకకు మరలును. పటము గలవాడు ఎఱుపునకును ఎఱుపునకును నడుమనున్న సన్నని ఆకుపచ్చను చూచి లెక్కలు వేయును.

ధృతరాష్ట్రుని పాపము అంధత్వము కాదని నాకు తోచును. ఆతనికి సంజయుడు రాకముందే విదురుడుండెను. విదురుని మాటలు సకాలమున వచ్చినవి, జూదమునకు ముందే వచ్చినవి, ఒకసారి కాదు పలుసారులు వచ్చినవి. రాజు వానిని శ్రద్ధగా విని, బాగున్నదని మెచ్చుకొని, కొడుకు కోరికకు సందిచ్చు దారి వాని నడుమ ఎక్కడ గలదో వెదకుకొనెను. రాకూడనిచోట రాజ్యము చేయుచున్నది కోరిక యైనప్పుడు, ఎంత తెలిసినను ఆ తెలివి కోరిక కొలువులోనికే చేరును. మఱలిపోవుటకు విదురుని మాట చాలును. దూరిపోవుటకు దివ్యదృష్టియు చాలదు.

అట్లయినచో దైవము స్థానమేమి? గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కార్యము సిద్ధించుటకైనను అయిదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, అయిదవది దైవము. ఈ లెక్కను కాక్‌పిట్‌నకు అన్వయించుట కష్టము కాదు. విమానము అధిష్ఠానము, వైమానికుడు కర్త, తెరయు రాడారును కరణములు, మలుపు త్రిప్పుట, ఎత్తు మార్చుట, వెనుకకు మరలుట చేష్టలు. మూడవ స్థానమున నుండవలసిన తెరను మన బుద్ధి మెల్లగా అయిదవ స్థానమునకు ఎక్కించుచున్నది: అది అంతయు చూచును, ఇప్పుడే చూచును, ఎల్లప్పుడు చూచును అని. సర్వజ్ఞత్వమును, నిత్యసాన్నిధ్యమును కుట్టిన చిత్రమునకు అంటగట్టుట విగ్రహారాధనమునకంటె చాల దూరము పోయిన భ్రాంతి, ఏలనగా విగ్రహమును పూజించువాడు దానిని దేవుడుండు చోట్లలో నొకటిగా చూచునే గాని దేవునికి అదియే హద్దని అనడు. ఇక ప్రమాదము జరిగిన పిమ్మట బుద్ధి రెండవ పొరపాటు చేయును: మూడవ నాల్గవ స్థానములలోని లోపములనన్నిటిని మూటగట్టి అయిదవ స్థానము నెత్తిన పెట్టి, విధి యని సంతకము చేయును. మొదటి పొరపాటున తెర దైవమగును, రెండవదానిలో దైవము తెర యగును. ఒకదానివెనుక దాగుటకు, రెండవదానిని నిందించుటకు.

యంత్రమును పూజించుటయే తప్పని నే ననుట లేదు. సెప్టెంబరు 17న విశ్వకర్మపూజనాడు ఈ ఊరి కర్మాగారమున యంత్రములకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండములు పెట్టుదురు. దసరాకు ఆయుధపూజ చేయు తెలుగువారికి ఇందులో వింత లేదు. పూజ ముగిసిన అరగంటకు అదే కార్మికుడు అదే యంత్రపు పీడనసూచికను అనుమానముతో తట్టి చూచును. సెక్టారు 5లోని బాలాజీ మందిరమున ఉదయము అర్చన చేయించి, రెండవ షిఫ్టునకు పోయి గేజి తప్పు చూపుచున్నదని రిజిస్టరులో వ్రాయువాడు నాస్తికుడు కాలేదు. మూడవదానిని మూడవ స్థానముననే యుంచి నమస్కరించుట ఎట్లో ఈ ఊరికి అలవాటున తెలియును.

చేష్టలకును హద్దులుండును. 2025 మే 21న ఢిల్లీనుండి శ్రీనగరునకు పోవుచున్న ఒక ప్రయాణిక విమానము రెండువందలకు పైబడిన జనముతో వడగండ్ల మేఘమునకు ఎదురుపడెను. నడుపువారికి మేఘము తెలియును. ప్రక్కకు తప్పుకొనుటకు అనుమతి కోరిరి, దొరకలేదు. సరిహద్దునకు ఆవలి లాహోరు కంట్రోలరును అడిగిరి, ఆయన నిరాకరించెను. వెనుకకు మరలుటకు యత్నించునప్పటికి మేఘము దగ్గరపడినది. చివరకు దానిలోనుండియే పోయి, ముక్కు దెబ్బతిన్న విమానమును శ్రీనగరున క్షేమముగా దించిరి. అక్కడ జ్ఞానమునకు లోపము లేదు, తెర ఆలస్యము చేయలేదు, కర్తలు సమర్థులు. అయినను దారి మూసినది మేఘము కాదు. దీనిని దైవమను ఖాతాలో వ్రాయుటకు నాకు చేయి రాదు. రెండు దేశముల కలహము అయిదు కారణములలో ఎచట చేరునని అడిగినచో, అది కర్త స్థానమున చేరును, ఆ కర్త పేరు మనము, వారు అని చెప్పుదును.

ప్రార్థన మాట మిగిలినది. మేఘము తొలగుగాక యని ప్రార్థించువారిని నేను పరిహసింపను. కిటికీ ప్రక్కన కూర్చున్నవానికి ఆ క్షణమున మఱొక పని లేదు. కాని సంధ్యవేళ మన పెద్దలు అనాదిగా సవితను వేడినది మేఘములనుగూర్చి కాదు, బుద్ధిని ప్రేరేపింపుమని. ఒక్కని బుద్ధిని గాక మన అందఱి బుద్ధులను ప్రేరేపింపుమని. అణువైన మనస్సు సరియైన క్షణమున సరియైన సూచికవైపు తిరుగవలెనన్నచో ఆ ప్రార్థనకంటె తగినది నాకు కానరాదు. అది విమానము నడుపువానికి వర్తించును. పళ్లెము త్రిప్పుచు చిత్రము కుట్టువారికి, ఆలస్యమైనదని వైమానికుని తొందరపెట్టు కంపెనీవారికి, ఆలస్యమైనదని కంపెనీమీద కోపించు ప్రయాణికులకు, అనగా మనకు, వర్తించును. సరిహద్దునకు ఆవలి గదిలో చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని, అవుననవలెనా కాదనవలెనా యని ఒక నిమిషము ఆలోచించు అపరిచితుడగు కంట్రోలరునకును వర్తించును.